నెల గడవడం లేదా? కోత పెట్టే ముందు కారణం వెతకండి

ఇల్లు గడవడం కష్టంగా ఉందని నోరు విప్పితే చాలు, ఖర్చులు తగ్గించుకోమని అందరూ చెబుతారు. అది సలహాలా కాకుండా మందలింపులా వినిపిస్తుంది. ‘అప్పు చేసి పప్పుకూడు’ సామెత కూడా అప్పుడే బయటికి వస్తుంది. వైద్యానికో, పిల్లల చదువుకో అప్పు చేసినవారికి అది ఏ విధంగా వర్తిస్తుందో నాకు అర్థం కాదు. డబ్బు చాలకపోవడానికి కారణాలు వేరు వేరు. తేదీలు కుదరక ఇబ్బంది పడేవారికి పొదుపు పాఠాలు పనికిరావు. ఆదాయమే చాలనివారు తేదీలు ఎంత సర్దినా ఫలితం ఉండదు. కాబట్టి మీ ఇంట్లో కనిపించే లక్షణం దగ్గర మొదలుపెట్టండి. గత రెండు మూడు నెలల బ్యాంకు ఖాతా వివరాలు, ఒక కాగితం దగ్గర ఉంటే చాలు.

సమస్య: నెలాఖరులో చేబదులు తప్పడం లేదు, జీతం రాగానే తీర్చేస్తున్నాం

తీసుకున్నది పూర్తిగా తీర్చగలుగుతున్నారంటే మొత్తం మీద డబ్బు ఉంది, అవసరమైన రోజున లేదు. జీతం 7న వస్తుంది, అద్దె 1న కట్టాలి, రుణ వాయిదా 3న పడుతుంది. ఖాతాలో సొమ్ము లేక వాయిదా వెనక్కి పోతే బ్యాంకు ఒక రుసుము వేస్తుంది, అప్పిచ్చిన సంస్థ మరొకటి వేస్తుంది. ఒక్క పైసా వాడుకోకుండానే రెండు జరిమానాలు.

కాగితం మీద 1 నుంచి 31 వరకు అంకెలు వేసి, డబ్బు వచ్చే రోజులు, పోయే రోజులు ఎదురెదురుగా రాయండి. చిక్కు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. వాయిదా తేదీని జీతం తర్వాతి వారానికి మార్చమని అడగండి. కొన్ని సంస్థలు ఒప్పుకుంటాయి.

రెండో కారణం లెక్కలో దొర్లే చిన్న పొరపాటు. ఇంటి ఖర్చు సొమ్మును నాలుగు వారాలకు నాలుగు భాగాలు చేస్తాం. నాలుగు వారాలంటే 28 రోజులే. మిగిలిన ఆ రెండు మూడు రోజుల్లోనే చేబదులు పుడుతుంది. వారాల వారీగా కాకుండా రోజుకు ఇంత అని విభజించుకోండి.

సమస్య: కాగితం మీద సరిపోతోంది, చేతిలో సరిపోవడం లేదు

నెలనెలా రాని ఖర్చులు లెక్కలోకి ఎక్కకపోవడమే దీనికి ఎక్కువసార్లు కారణం. బీమా, బడి ఫీజు, బండి మరమ్మతు, పెళ్లిళ్లు పేరంటాలు. ఇవి వచ్చిన ప్రతిసారీ ‘ఈ నెల అనుకోని ఖర్చు వచ్చింది’ అంటాం. ఏటా వచ్చేదాన్ని అనుకోనిది అనడం మనకు అలవాటైపోయింది.

గత ఏడాదిలో ఇలాంటివన్నీ గుర్తుచేసుకుని కూడండి. బీమాకు 12,000, ఫీజులకు 24,000, మరమ్మతులకు 6,000, శుభకార్యాలకు 6,000 అయ్యాయనుకుంటే మొత్తం 48,000. అంటే ప్రతి నెలా 4,000 ఖర్చు మీ లెక్కలో కనిపించకుండా ఉంది. జీతం వచ్చిన రోజే ఆ వాటాను వేరే ఖాతాలో వేయండి. మొత్తం వేయలేకపోతే బీమా, ఫీజులకు మాత్రమైనా తీయండి. వాటికి గడువు ఉంటుంది, మిగతావాటిని కొంత వాయిదా వేయవచ్చు.

ఎప్పుడో ఒప్పుకుని మరిచిపోయిన చందాలు ఖాతాలోంచి తమంతట తామే కోత పడుతుండటం ఇంకో కారణం. ఖాతా వివరాల్లో ఒకే మొత్తం ప్రతి నెలా ఒకే పేరుతో పోతోందేమో చూసి, వాడనిది ఆపేయండి. ఇది పది నిమిషాల పని.

సమస్య: ప్రతి నెలా కడుతున్నా అప్పు తగ్గడం లేదు

ఇక్కడ తప్పు మీ క్రమశిక్షణలో లేదు, వడ్డీ లెక్కలో ఉంది. క్రెడిట్ కార్డు మీద 50,000 బాకీ, వడ్డీ నెలకు నూటికి మూడు అనుకుందాం. మొదటి నెల వడ్డీయే 1,500. కనీస చెల్లింపు కింద, బాకీలో నూటికి ఐదు చొప్పున 2,500 కడితే అసలులో తగ్గేది 1,000 మాత్రమే. బాకీ తగ్గేకొద్దీ కనీస చెల్లింపు కూడా తగ్గుతుంది. దాన్నే కడుతూ పోతే బాకీ సగానికి రావడానికే దాదాపు మూడేళ్లు పడుతుంది.

అదే బాకీకి, కార్డు వాడకం ఆపేసి, ప్రతి నెలా 2,500 తగ్గకుండా కడితే 31 నెలల్లో తీరుతుంది. 3,500 కట్టగలిగితే 19 నెలలు చాలు, మొత్తం మీద దాదాపు 11,000 మిగులుతుంది. అందుకే కనీస చెల్లింపు అంకెతో సరిపెట్టుకోకండి. అంతకు మించి మీకు వీలైన మొత్తాన్ని మీరే నిర్ణయించుకుని, తీరేదాకా మార్చకండి.

అప్పులు నాలుగైదు ఉంటే అన్నింటికీ కట్టవలసిన కనీసం కట్టి, మిగిలినదంతా ఎక్కువ వడ్డీ ఉన్నదాని మీద పెట్టండి. ఎక్కువ వడ్డీ ఏదో తేల్చడంలోనే చాలామంది మోసపోతారు. ‘ఏడాదికి 12 శాతమే’ అని చెప్పి, ప్రతి నెలా అసలు తీరుస్తున్నా మొదటి రోజు అసలు మీదే ఏడాది పొడవునా వడ్డీ వేసే రుణాలున్నాయి. పన్నెండు వాయిదాల్లో తీర్చే అలాంటి అప్పుకు నిజంగా పడే వడ్డీ రేటు 21 శాతం దాటుతుంది. తగ్గుతున్న అసలు మీద వడ్డీ ఎంత అని సూటిగా అడగండి.

సమస్య: పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేస్తున్నాం

రెండోది మొదటిదానికంటే తక్కువ వడ్డీకి దొరికి, మొదటిది పూర్తిగా మూసేస్తే తప్పేమీ లేదు. ఫోనులో నిమిషాల్లో దొరికే స్వల్పకాలిక రుణాలతోనే ప్రమాదం. 10,000 రుణం అంటారు, రుసుము పట్టుకుని చేతికి 8,500 ఇస్తారు, పదిహేను రోజుల్లో 10,000 కట్టమంటారు. 8,500కు 1,500 అంటే పక్షానికే 17 శాతం పైమాట. ఏడాదికి లెక్కిస్తే 400 శాతం దాటుతుంది. దీనికంటే పాత అప్పు గడువు దాటిన జరిమానాయే చౌకగా పడవచ్చు. ఒకసారి కూడి చూడండి.

సమస్య: తగ్గించడానికి ఇంకేమీ మిగల్లేదు

పై లెక్కలన్నీ చూశాక కూడా లోటు కనిపిస్తే అది చాలీచాలని ఆదాయం సమస్య. ఇక్కడ పొదుపు గురించి మాట్లాడటం అన్యాయం. ఆదాయం పెరిగే దారి వెతుకుతూనే, ఉన్న డబ్బు ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చుకోవాలి. మనం సాధారణంగా గట్టిగా అరిచేవారికి ముందు ఇస్తాం. రోజుకు నాలుగుసార్లు ఫోను చేసేవారి చేతిలో చాలాసార్లు తాకట్టు ఏమీ ఉండదు, అందుకే అంత ఒత్తిడి. ఇల్లో బంగారమో తాకట్టు ఉన్న సంస్థ మర్యాదగా ఒక ఉత్తరం పంపి ఊరుకుంటుంది, గడువు దాటాక వేలానికి పెడుతుంది.

కాబట్టి తిండి, మందులు, తల దాచుకునే చోటు, కరెంటు, నీరు, పనికి వెళ్లడానికి కావలసినవి ముందు. తర్వాత తాకట్టు అప్పులు. ఆపైన మిగతావి. ఇది ఎగవేత కాదు, వరస.

వరసలో వెనక ఉన్నవారికి గడువు రాకముందే మీరే కబురు చేయండి. ‘నెలకు 5,000 కట్టలేను, ఆరు నెలలపాటు 2,000 కట్టగలను’ అని అంకెతో చెప్పండి. నిజంగా కట్టగలిగే అంకే చెప్పండి, మాట తప్పితే రెండోసారి వినరు. గడువు పొడిగిస్తే వాయిదా తగ్గినా మొత్తం వడ్డీ పెరుగుతుంది, అది ఎంతో అడిగి తెలుసుకోండి. ఏ ఒప్పందమైనా కాగితం మీద చేతికి వచ్చాకే డబ్బు కట్టండి.

సమస్య: ఆదాయం ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు

సగటు ఆదాయాన్ని నమ్ముకుని ఖర్చులు పెట్టుకోవడమే ఇక్కడి ఇబ్బంది. గత ఏడాదిలో అతి తక్కువ వచ్చిన నెలను పట్టుకుని, అద్దె, వాయిదాల వంటి మారని ఖర్చులు అంతలోపే ఉండేలా చూసుకోండి. ఎక్కువ వచ్చిన నెలలో మిగిలినది తక్కువ వచ్చే నెలకు జీతంలా వాడుకోవాలి. ఇక చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న నెలలోనే ఎవరో ఒకరు తమ అప్పుకు హామీ సంతకం పెట్టమని వస్తారు. వారు కట్టకపోతే ఆ బాకీ మీరు కట్టాలి, మీ తక్కువ నెలలో కూడా. ఆ వాయిదాను మీ లెక్కలో వేసి చూశాకే సంతకం సంగతి ఆలోచించండి.