వేళకు వెలగని లైటు: ఆటోమేషన్ స్విచ్చు, ల్యాంప్ మాడ్యూల్ టైమర్లలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

టైమర్ పెట్టిన లైటు వేళకు వెలగకపోతే చాలామంది ముందు చేసే పని మాడ్యూల్‌ను (ఆదేశం అందుకుని లైటును వేసి ఆపే చిన్న పరికరాన్ని) రీసెట్ కొట్టడం. నిజానికి అది ఆఖరున చేయాల్సింది. రీసెట్‌తో షెడ్యూళ్లు చెరిగిపోతాయి, తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లూ వాటితోపాటే పోతాయి. ఆదేశం ఆగేది మూడు చోట్లలో ఒకచోట: టైమర్ నుంచి అసలు బయల్దేరదు, లేదా దారిలో పోతుంది, లేదా మాడ్యూల్‌కు అందినా అమలు కాదు. ముందు ఈ మూడింట్లో ఏదో తేల్చుకోవాలి.

ముందుగా పది నిమిషాల పరీక్ష

1. టేబుల్ ల్యాంపు అయితే దాని సొంత స్విచ్చు ఆన్‌లో ఉందో లేదో చూడండి. నవ్వకండి, ఎవరో అలవాటుగా ఆ స్విచ్చు ఆపేసి వెళ్లడం మామూలే. అది ఆఫ్‌లో ఉంటే మాడ్యూల్ ఎంత సరిగ్గా పనిచేసినా లైటు వెలగదు.

2. యాప్‌తోనో రిమోట్‌తోనో లైటును పది సెకన్ల విరామంతో పదిసార్లు వేసి ఆపండి. పదిసార్లూ పలికితే దారి, మాడ్యూల్ రెండూ బాగున్నాయి, తప్పు టైమర్‌దే. కొన్నిసార్లు పలికి కొన్నిసార్లు పలక్కపోతే తప్పు దారిలో ఉంది. ఒక్కసారీ పలక్కపోతే మాడ్యూల్ మీదున్న బటన్ నొక్కండి. బటన్‌కు వెలిగితే దారినో, అడ్రసునో అనుమానించాలి. దానికీ వెలగకపోతే బల్బు, కరెంటు, మాడ్యూల్ ఈ వరుసలో చూడాలి.

3. పాత షెడ్యూళ్లను తాత్కాలికంగా ఆపి, ఇప్పటికి మూడు నిమిషాల తర్వాత ఆన్, ఆరు నిమిషాల తర్వాత ఆఫ్ అయ్యేలా కొత్తది ఒకటి పెట్టండి. ఇది సరిగ్గా నడిస్తే యంత్రంలో లోపం లేదు. పాత షెడ్యూల్ రాసిన తీరులోనే ఏదో ఉంది.

గడియారం, షెడ్యూల్

టైమర్ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. తేడా ఎంతుందో కొలిస్తే కారణం దానంతటదే బయటపడుతుంది. సరిగ్గా 12 గంటలు తేడా వస్తే ఏఎం, పీఎం తారుమారయ్యాయి. 12:00 ఏఎం అంటే అర్ధరాత్రి, 12:00 పీఎం అంటే మిట్టమధ్యాహ్నం. ఇక్కడ పొరబడేవాళ్లు చాలామంది కాబట్టి వీలుంటే 24 గంటల పద్ధతికి మార్చుకోండి. సరిగ్గా గంటల్లోనో, అరగంటల్లోనో తేడా వస్తే టైమ్ జోన్ తప్పు. వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే దేశాల్లో ఆ మార్పు జరిగిన వారంలోనే ఈ గోల మొదలవుతుంది. తేడా రోజుకు కొద్దికొద్దిగా పెరుగుతూ పోతే అది గోడ సాకెట్‌కు గుచ్చే మామూలు టైమర్ అయి ఉంటుంది. దానికి నెలకోసారి సమయం సరిచేయాల్సిందే.

కరెంటు పోయి వచ్చిన తర్వాతే తప్పుతోందా? బ్యాకప్ బ్యాటరీ ఉన్న టైమర్ అయితే అది మార్చండి. వైఫై స్విచ్చులు కరెంటు రాగానే ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకుంటాయి. అందుకు చాలావరకు ఎన్‌టీపీ అనే పద్ధతిని, యూడీపీ 123 పోర్టును వాడతాయి. రౌటర్ లేచేలోపే స్విచ్చు అడిగినా, నెట్ రాకపోకలను అడ్డుకునే ఫైర్‌వాల్ ఆ పోర్టును మూసేసినా స్విచ్చుకు వేళ తెలియదు. రౌటర్ పూర్తిగా లేచాక స్విచ్చుకు ఒకసారి కరెంటు తీసి ఇస్తే సర్దుకుంటుంది.

సూర్యాస్తమయానికి వెలగమని పెడితే ఆ లెక్కంతా యాప్‌లో ఇచ్చిన ఊరిని బట్టే ఉంటుంది. యాప్‌కు లొకేషన్ ఇవ్వకపోతే అది ఏదో ఒక చోటు అనుకుని లెక్క కడుతుంది. ఇక రాత్రి 7కు వెలిగి 1 గంటకు ఆరాలని, రెండింటికీ శనివారమే ఎంచుకున్నారనుకోండి. ఒంటిగంట వచ్చేది ఆదివారం. కాబట్టి ఆ ఆఫ్ శనివారం తెల్లవారుజామునే, లైటు వెలగకముందే జరిగిపోయి ఉంటుంది. రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆఫ్‌కు మరుసటి రోజును ఎంచుకోవాలి. ‘ఒక్కసారే’ అని పెట్టిన షెడ్యూల్ మొదటి రోజు చక్కగా నడిచి రెండో రోజు మాయమవడమూ ఇలాంటిదే.

లైటు తనంతట తానే ఆరిపోతోందంటే దయ్యాల్ని తలచుకునే ముందు అదే స్విచ్చుకు ఇంకెక్కడెక్కడ షెడ్యూల్ ఉందో వెతకండి. స్విచ్చు కంపెనీ యాప్‌లో ఒకటి, హబ్‌లో (ఇంట్లోని స్మార్ట్ పరికరాలను కలిపి నడిపే పెట్టెలో) ఒకటి, వాయిస్ అసిస్టెంట్‌లో ఇంకొకటి ఉంటాయి. ఒకచోట తీసేసినా మిగతావి బతికే ఉంటాయి. షెడ్యూల్ ఏదైనా ఒక్కచోటే పెట్టుకోవడం మేలు. ‘ఇన్ని నిమిషాలకు ఆపేయి’ అనే కౌంట్‌డౌన్, ఊరెళ్లినప్పుడు వాడే వెకేషన్ మోడ్ కూడా చూడండి. ఈ మోడ్ కావాలనే వేళలను అటూ ఇటూ మారుస్తుంది.

దారిలో పోతుంటే

కరెంటు వైర్ల మీదే సంకేతాలు పంపే ఎక్స్10 పరికరాలు 1975లో పుట్టాయి. ఇప్పటికీ వాడేవాళ్లున్నారు. టైమర్ మీదా మాడ్యూల్ మీదా ఇంటి అక్షరం, యూనిట్ అంకె ఒకటే ఉండాలి. 16 అక్షరాలు, 16 అంకెలు కలిపి 256 అడ్రసులు. తరవాత టైమర్‌ను, మాడ్యూల్‌ను ఒకే మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గుచ్చండి. అక్కడ పనిచేసి వాటి చోట్లలో పనిచేయకపోతే మధ్యలో సంకేతం నీరసిస్తోంది. సర్జ్ ప్రొటెక్టర్లు, యూపీఎస్‌లు, కంప్యూటర్ పవర్ సప్లైలు ఆ 120 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని మింగేస్తాయి. చవకరకం ఛార్జర్లు, ఎల్ఈడీ డ్రైవర్లు (ఎల్ఈడీకి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే భాగాలు) దానిమీద రొద చేస్తాయి. ఒక్కొక్కటిగా ప్లగ్గు పీకుతూ పరీక్షించండి. స్విచ్చు ఆపితే చాలదు. దొంగ దొరికాక దానికి ఫిల్టర్ పెట్టండి. టైమర్ ఒక ఫేజు మీద, మాడ్యూల్ ఇంకో ఫేజు మీద ఉంటే ఫేజ్ కప్లర్ (ఒక ఫేజు మీది సంకేతాన్ని ఇంకోదానికి దాటించే పరికరం) కావాలి. అది ఎలక్ట్రీషియన్ పని.

వైఫై స్విచ్చులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌కే కలుస్తాయి. షెడ్యూల్ వేళకు ముందు రౌటర్‌కు వచ్చే ఇంటర్నెట్ తీగ పీకి చూడండి. అయినా లైటు వెలిగితే షెడ్యూల్ స్విచ్చులోనే ఉంది. వెలగకపోతే అది కంపెనీ సర్వర్ మీద ఆధారపడింది, నెట్ పోయిన ప్రతిసారీ తప్పుతుంది. జిగ్బీ, జెడ్-వేవ్ అనే వైర్‌లెస్ పద్ధతుల్లో కరెంటుతో నడిచే మాడ్యూళ్లే పక్కవాటికి కబురు చేరవేస్తాయి. మధ్యలోది ఒకటి పీకేస్తే దూరంగా ఉన్నవి మూగబోవచ్చు. జిగ్బీ హబ్‌ను రౌటర్ పక్కనే పెట్టకుండా ఒకటి రెండు మీటర్లు జరపండి.

మాడ్యూల్, బల్బు

గోడ పెట్టె తెరిచే ముందు ఎమ్‌సీబీ ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో నిర్ధారించుకోండి.

న్యూట్రల్ అక్కర్లేని రెండు వైర్ల స్విచ్చు తనకు కావాల్సిన కరెంటును బల్బు గుండానే లాగుతుంది. ఫిలమెంట్ బల్బుకు అది లెక్కలోకి రాదు. ఎల్ఈడీ మాత్రం ఆపినా మిణుకుమిణుకుమంటుంది, లేదా స్విచ్చే మాటిమాటికీ రీస్టార్ట్ అయి షెడ్యూల్ తప్పుతుంది. కాసేపు 40 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి చూడండి. జబ్బు పోతే బల్బు దగ్గర, స్విచ్చు తయారీదారు చెప్పిన బైపాస్ పరికరం వేయించాలి.

ఆఫ్ వేళకు ‘టిక్’ మని వినిపించి, యాప్ కూడా ఆఫ్ చూపించి, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటే రిలే (కరెంటును కలిపి విడదీసే లోపలి స్విచ్చు) అతుక్కుపోయింది. ఎల్ఈడీ డ్రైవర్లు వేసిన క్షణంలో లాగే కరెంటు వాటి వాట్లతో పోలిస్తే చాలా ఎక్కువ, రిలే అతుక్కునేది అందుకే. తట్టితే తాత్కాలికంగా విడిపోవచ్చు, కానీ మళ్లీ అతుక్కుంటుంది. మార్చేయండి, తక్కువ లైట్లు కలపండి. వెలుతురు తగ్గించి పెంచే డిమ్మర్ రకం ల్యాంప్ మాడ్యూల్‌కు ఫ్యాను, మోటారు, డిమ్ చేయరాని బల్బు తగిలించకూడదు.

ఇవన్నీ అయ్యాక కూడా పలక్కపోతే అప్పుడు రీసెట్. ముందు షెడ్యూళ్ల స్క్రీన్‌షాట్ తీసుకోండి. మళ్లీ జత చేశాక అన్నీ ఒకేసారి ఎక్కించకుండా, ఒక్క ఆన్, ఒక్క ఆఫ్ పెట్టి రెండు రాత్రులు నడవనివ్వండి. ఆ తరవాతే మిగిలినవి ఒక్కొక్కటీ కలపండి.