డీజిల్ కొట్టించాక కారు మొరాయిస్తే: తప్పు బంకుదా, బండిదా?

పికప్ తగ్గినా, పొగ వచ్చినా, పొద్దున్నే స్టార్ట్ కాకపోయినా మనవైపు ముందుగా వినిపించే మాట "డీజిల్ బాలేదండీ, బంకు మార్చండి" అని. కొన్నిసార్లు అది నిజమే. నా 2017 మోడల్ డీజిల్ కారులో గుంటూరు, విజయవాడ మధ్య వారానికి నాలుగు రోజులు తిరుగుతాను. ఇన్నేళ్లలో డీజిల్ వల్ల బండి ఆగింది ఒక్కసారే. మిగతా అన్నిసార్లూ కారణం ఫిల్టరో, పైపో, నేను నడిపిన తీరో. దేన్ని ఎప్పుడు అనుమానించాలో తెలిస్తే ఆటోనగర్‌లో అనవసరంగా ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పించుకునే బాధ తప్పుతుంది.

ముందు అందరూ అడిగే ప్రశ్న: ఏ డీజిల్ మంచిది? 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 (భారత్ స్టేజ్ 6 అనే కాలుష్య ప్రమాణం) డీజిలే. పది లక్షల పాళ్లలో గంధకం 10 పాళ్లకు మించకూడదు. బీఎస్-4లో ఇది 50 ఉండేది. మండే గుణాన్ని చెప్పే సీటేన్ సంఖ్య కనీసం 51 ఉండాలి. ఈ ప్రమాణం అన్ని కంపెనీలకూ ఒకటే కాబట్టి మామూలు డీజిల్ మన కార్లకు సరిపోతుంది. పాత బీఎస్-4 కారుకూ ఇదే పోయించుకోవచ్చు. ఎక్కువ ధరకు అమ్మే డీజిల్‌లో ఇంజెక్టర్లను శుభ్రంగా ఉంచే రసాయనాలు కలుపుతారు. దానివల్ల నష్టం లేదు, కానీ అప్పటికే చెడిపోయిన ఇంజెక్టర్ దాంతో బాగుపడదు. 95, 100 అని బోర్డు మీద కనిపించేవి పెట్రోళ్లు. వాటికీ డీజిల్ కారుకూ సంబంధం లేదు.

కొట్టించిన కాసేపటికే కుదుపులు, పసుపు లైటు

డీజిల్‌ను నిజంగా అనుమానించాల్సింది ఇక్కడే. ఒక వానాకాలం రాత్రి విజయవాడలో పల్లంగా ఉన్న ఒక బంకులో ముప్పై లీటర్లు కొట్టించాను. వారధి దాటి మంగళగిరి వచ్చేసరికి మీటర్ బోర్డు మీద ఫిల్టర్‌లో నీళ్లు చేరిన గుర్తు వెలిగింది. సరే, ఇంటికెళ్లాక చూద్దాంలే అనుకున్నాను. అది పొరపాటు. కాజ టోల్ దగ్గర యాక్సిలరేటర్ ఎంత తొక్కినా స్పీడు పెరగలేదు, నాలుగు కుదుపులు కుదిపి బండి ఆగిపోయింది.

తెల్లవారి బండిని గుంటూరు ఆటోనగర్‌కి లాగించాం. మేస్త్రి ఖాళీ నీళ్ల సీసాని సగానికి కోసి, ఫిల్టర్ అడుగున ఉన్న మరను వదులు చేసి దాంట్లోకి పట్టాడు. సీసాని ఎండలోకి పెట్టి పది నిమిషాలు కదపొద్దన్నాడు. పైన లేత పసుపు డీజిల్, కింద రెండు వేళ్ల మందాన తేటనీళ్లు, మధ్యలో గీత గీసినట్టు తేడా. అడుగున గోధుమరంగు తుప్పు నలుసులు. "చూశారా సార్, ఇక ఎవరూ చెప్పక్కర్లేదు" అన్నాడు.

ఆ కాసిని నీళ్లు ఎంత నష్టం చేస్తాయో అతనే చెప్పాడు. కామన్ రైల్ ఇంజన్‌లో, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే ఇంజన్‌లో, డీజిల్ ఒత్తిడి 1600 బార్ దాకా, కొన్నింటిలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆ ఒత్తిడి పుట్టించే పంపుకి విడిగా కందెన లేదు, డీజిలే దానికి జిడ్డు. నీళ్లకి ఆ జిడ్డు ఉండదు కాబట్టి లోపలి భాగాలు ఒరుసుకుంటాయి, తుప్పు పడతాయి. ఆ రజను ఇంజెక్టర్ల దాకా పోతే ఖర్చు వేలల్లో ఆగదు.

అందుకే లైటు వెలిగిన చోటే పక్కకు తీసి ఆపండి. ఫిల్టర్ నీళ్లు దింపి చూడాలి. మళ్లీ మళ్లీ నీళ్లే వస్తుంటే ట్యాంకు దించి కడగాలి, కొత్త ఫిల్టర్ వేసి లైన్లో గాలి తీయాలి. ఆ రోజు నాకు ఇంత పనీ పడింది. నేను లైటు చూసి కూడా నడపకపోతే దీంట్లో సగంతో పోయేది.

సీసాలో తీసిన శాంపిల్, బిల్లు రెండూ దాచండి. బంకులో ఫిర్యాదు పుస్తకం అడిగి రాయండి, ఆయిల్ కంపెనీకీ చెప్పండి. డెన్సిటీ చూపించమని అడిగే హక్కు మీకుంది. ట్యాంకర్‌తో వచ్చిన కాగితంలోని అంకెకీ, ఇప్పుడు కొలిచిన దానికీ ఘనపు మీటరుకు 3 కిలోల కన్నా తేడా ఉండకూడదు. ట్యాంకులో నీళ్లుంటే రంగు మారే పేస్టు వాళ్ల దగ్గరే ఉంటుంది, కడ్డీకి రాసి ముంచి చూపించమనండి. గొడవ పడక్కర్లేదు, నెమ్మదిగా అడిగితే చాలామంది చూపిస్తారు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద సింగ్ నగర్ వైపు వేల బండ్లను ముంచింది. అలా మునిగిన డీజిల్ కారుకి మూత గట్టిగా ఉన్నా, గాలి పోయే గొట్టంలోంచి ట్యాంకులోకి నీళ్లు చేరొచ్చు. దయచేసి తాళం తిప్పి చూడొద్దు. ముందు ట్యాంకు, ఫిల్టర్, ఇంజన్ ఆయిల్ చూపించాకే సెల్ఫ్ కొట్టాలి.

పొద్దున్నే సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తే

రాత్రంతా ఆగిన బండికే ఈ ఇబ్బంది ఉండి, తర్వాత రోజంతా బాగుంటే లైన్లోకి గాలి వెళ్తోందని అనుమానించండి. ఈమధ్య ఫిల్టర్ మార్చారా? దాని రబ్బరు రింగు సరిగా కూర్చోకపోతే ఇలాగే జరుగుతుంది. తర్వాత బ్యాటరీ, ఆ తర్వాత ఇంజెక్టర్ల రిటర్న్ లీకు (వాటి నుంచి వెనక్కి పోయే డీజిల్ ఎక్కువైందా అని) చూడాలి. మనకు చలి తక్కువ కాబట్టి చలిలో ఇంజన్ లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గుల మీదికి వెంటనే పోనక్కర్లేదు.

డీపీఎఫ్ లైటు

డీపీఎఫ్ అంటే పొగ గొట్టంలో ఉండే మసి ఫిల్టర్. బీఎస్-6 డీజిల్ కార్లలో నేను ఎక్కువగా వింటున్న గోల దీని లైటే. మా తోడల్లుడు గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు. రోజూ పిల్లల స్కూలు, అరండల్‌పేట, ఇల్లు, అంతే. ఏడాది తిరక్కుండానే లైటు వచ్చింది. "ఖరీదైన డీజిల్ పోయిస్తే పోతుందా బావా?" అని ఫోన్ చేశాడు. పోదు.

పొగలోని మసిని ఆ ఫిల్టర్ పట్టి ఉంచుతుంది. అది నిండాక దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చుకుంటుంది. రెండు కిలోమీటర్లు పోయి ఆపేసే బండికి ఆ వేడి అందదు. లైటు మాత్రమే వెలిగి, పికప్ మామూలుగా ఉంటే ఎన్‌హెచ్-16 ఎక్కి చిలకలూరిపేట వైపు ఇరవై నిమిషాలు ఒకే స్పీడులో, ఒక గేరు తక్కువగా నడపండి. స్పీడు ఎంతుండాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మధ్యలో ఆపొద్దు.

అప్పటికీ పోకపోతే స్కానర్ పెట్టి కాల్పించాలి. మసి కాలడం సగంలో ఆగిన ప్రతిసారీ కొంత డీజిల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే ఆయిల్ మార్చాల్సిందే. మాన్యువల్‌లో రాసిన బూడిద తక్కువుండే ఆయిలే పోయించండి. డీపీఎఫ్ పీకేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ మసి మన పిల్లలే పీలుస్తారు.

పొగ, మైలేజీ

నల్ల పొగకు ముందు ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టం పగుళ్లు, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు) చూడాలి. నీలం పొగైతే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. మైలేజీ తగ్గిందనిపిస్తే ట్యాంక్ ఫుల్ నుంచి ట్యాంక్ ఫుల్‌కి మూడుసార్లు లెక్కేసి, టైర్ల గాలి చూశాకే బంకును అనండి. మే నెల ఏసీకి కొంత పోతుంది. కొలత మీదే అనుమానముంటే, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల క్యానులో పట్టి చూపించమనండి. 25 మిల్లీలీటర్ల దాకా తేడా అనుమతిస్తారు.

పొరపాటున పెట్రోల్ కొడితే

పెట్రోల్ గొట్టం సన్నగా ఉండి డీజిల్ కారు మూతిలో సులువుగా దూరుతుంది, అందుకే ఈ పొరపాటు జరుగుతూ ఉంటుంది. కొట్టేటప్పుడు కిందికి దిగి నిలబడండి. జరిగిపోతే తాళం ఆన్ కూడా చేయొద్దు, చాలా కార్లలో ఆన్ చేయగానే ట్యాంకులోని పంపు తిరుగుతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి పక్కకు తోయించి, ట్యాంకు ఖాళీ చేయించండి. కొంచెమే పడిందిలే, డీజిల్ కలిపితే సర్దుకుంటుందన్న సలహా వినకండి.