సోయా చిక్కుడు పొక్కు తెగులు బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని చదివే పద్ధతి

ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాల వంటి సోయా ప్రాంతాల్లో వానాకాలంలో ఆకుల మీద లేత పసుపు వలయంతో, నడుమ ఉబ్బెత్తుగా కనిపించే చిన్న మచ్చలకు ఒక ముఖ్య కారణం జాంథోమోనాస్ సిట్రి పాథోవార్ గ్లైసీన్స్ అనే బ్యాక్టీరియా (పాథోవార్ అంటే ఒకే జాతిలో ఫలానా మొక్కలకు తెగులు తెచ్చే ఉపవర్గం). దాని జీనోమ్, అంటే మొత్తం జన్యుక్రమం, సుమారు 53 లక్షల బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాల జతలు) మాత్రమే కనుక ఈనాడు దానిని చదవడం కష్టమేమీ కాదు. అయితే వచ్చే ఫలితం పనికొస్తుందా లేదా అన్నది చాలావరకు నమూనా యంత్రంలోకి చేరకముందే తేలిపోతుంది.

ముందుగా ఇది తుప్పు తెగులు కాదని నిర్ధారించుకోవాలి. తాజా మచ్చ అంచు నుంచి చిన్న ముక్క కోసి, నీటి బొట్టులో ఉంచి సూక్ష్మదర్శినిలో చూస్తే, బ్యాక్టీరియా తెగులైన పక్షంలో కోసిన అంచు నుంచి మబ్బులాంటి ధార బయటికి వస్తుంది. తుప్పు తెగులులో అది కనిపించదు. ముక్కలను 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ఒక నిమిషం ఉంచి, శుద్ధి చేసిన నీటిలో మూడుసార్లు కడిగి, నలిపి, న్యూట్రియంట్ అగార్ అనే పోషక మాధ్యమంపై గీసి 28 డిగ్రీల వద్ద రెండు మూడు రోజులు పెంచాలి. పసుపురంగులో జిగటగా మెరిసే కాలనీలు వస్తాయి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పసుపు కాలనీలన్నీ జాంథోమోనాస్ కావు; ఆకులపై మామూలుగా బతికే పాంటోయా కూడా పసుపుగానే, పైగా మరింత త్వరగా పెరుగుతుంది. అందువల్ల ఒంటరి కాలనీని కనీసం మూడుసార్లు తిరిగి గీయాలి, తెగులుకు లొంగే రకం సోయా మొక్కలపై చల్లి అవే మచ్చలు వస్తున్నాయో లేదో చూడాలి, వాటి నుంచి బ్యాక్టీరియాను మళ్లీ వేరుచేయాలి. ఈ పరీక్ష పూర్తికాకుండా సీక్వెన్సింగ్‌కు (జన్యుక్రమాన్ని చదివించడానికి) డబ్బు వెచ్చించడం నా దృష్టిలో వృథా.

డీఎన్ఏ వెలికితీతలో అసలు చిక్కు జిగురుతో వస్తుంది. ఆహార పరిశ్రమ వాడే జాంథన్ గమ్ ఈ ప్రజాతి బ్యాక్టీరియా నుంచే వస్తుంది. అదే జిగురు డీఎన్ఏతో కలిసి అవక్షేపమై తరువాతి రసాయన చర్యలను అడ్డుకుంటుంది. కాబట్టి ముదిరిన కల్చర్ కాక రాత్రి పెంచిన లేత కల్చర్‌ను తీసుకుని, కణాలను ఉప్పు ద్రావణంతో కడిగి, సీటాబ్ అనే డిటర్జెంట్ వాడే పద్ధతిలో జిగురును తొలగించాలి. డీఎన్ఏ శుద్ధతను తెలిపే కాంతి శోషణ నిష్పత్తుల్లో (నానోమీటర్లలో) 260/280 నిష్పత్తి 1.8 పరిసరాల్లో, 260/230 నిష్పత్తి 2.0కు దగ్గరగా ఉండాలి. పరిమాణాన్ని మాత్రం డీఎన్ఏకు అంటుకుని మెరిసే రంగుతో కొలిచే క్యూబిట్ పరికరంతోనే కొలవాలి. పొడవైన డీఎన్ఏ పోగులు తెగకుండా వోర్టెక్స్ యంత్రంతో గట్టిగా కుదపడం మానుకోవాలి.

ఈ బ్యాక్టీరియాకు పొట్టి రీడ్లు (యంత్రం ఒక్కసారిగా చదివే డీఎన్ఏ ముక్కలు) చాలవు. దీని టాల్ ప్రొటీన్లు మొక్క కణంలో ప్రవేశించి మొక్క జన్యువులను తమకు అనుకూలంగా పనిచేయిస్తాయి. వాటి జన్యువుల్లో 102 బేస్‌ల భాగం దాదాపు అదే రూపంలో పదే పదే వస్తుంది. ప్రతి భాగం మొక్క డీఎన్ఏలోని ఒక్కో బేస్‌ను గుర్తిస్తుందని 2009లో తేలింది. 150 బేస్‌ల రీడ్లతో ఆ పునరావృతాలను సరిగా అతికించడం సాధ్యం కాదు. కేవలం జాతి గుర్తింపుకో, ఐసోలేట్ల (వేరుచేసిన నమూనాల) బంధుత్వానికో అయితే పొట్టి రీడ్లిచ్చే ఇల్యూమినా యంత్రం సరిపోతుంది. తెగులు పుట్టించే తీరు తెలియాలంటే నానోపోర్ వంటి పొడవైన రీడ్లు తప్పవు. 100 రెట్ల కవరేజికి, అంటే ప్రతి బేస్‌ను సగటున వందసార్లు చదవడానికి, దాదాపు 53 కోట్ల బేస్‌లు అవసరమవుతాయి.

రీడ్లను ఫ్లై అనే సాఫ్ట్‌వేర్‌తో కూర్చి (ఈ కూర్పే అసెంబ్లీ), మెడాకాతో, పొట్టి రీడ్లుంటే పాలీపాలిష్‌తో కూడా తప్పులు దిద్దాలి. ఒక వలయాకార క్రోమోజోమ్, కొన్ని ప్లాస్మిడ్‌లు (క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ వలయాలు) వస్తే సంతోషమే, కానీ ఫ్లై చిన్న ప్లాస్మిడ్‌లను వదిలేయవచ్చు కనుక పొట్టి రీడ్ల అసెంబ్లీతో పోల్చి చూడాలి. జీసీ శాతం (డీఎన్ఏలో జి, సి బేస్‌ల వాటా) 64–65 దగ్గర లేకపోయినా, నాణ్యత పరీక్షించే చెక్ఎం సాఫ్ట్‌వేర్ కలుషితం చూపినా కల్చర్‌కే తిరిగి వెళ్లాలి. టాల్ జన్యువుల మధ్యలో అకస్మాత్తుగా స్టాప్ కోడాన్ (ప్రొటీన్ తయారీని ఆపే సంకేతం) కనిపిస్తే అది నిజమైన మార్పో, రీడింగ్ దోషమో, రీడ్లను తిరిగి అసెంబ్లీతో సరిపోల్చి చూశాకే రాయాలి.

జాతిని 16ఎస్ అనే ఒక్క జన్యువుతో తేల్చకుండా, ఆ జాతికి ప్రామాణికంగా ఎంచిన టైప్ స్ట్రెయిన్‌తో సగటు న్యూక్లియోటైడ్ సారూప్యం 95–96 శాతం దాటిందో లేదో చూడాలి. పాథోవార్‌ను మాత్రం ఆ అంకె చెప్పదు. అందుకు మొక్కలపై చేసిన పరీక్షే ఆధారం. జన్యువుల గుర్తింపుకు బక్టా, టాల్ జన్యువుల వర్గీకరణకు అన్నోటేల్ అనే సాఫ్ట్‌వేర్లు వాడవచ్చు. చివరికి అసెంబ్లీతోపాటు ముడి రీడ్లను అమెరికాకు చెందిన ఎన్‌సీబీఐ డేటాబేస్‌లోగానీ, ఫరీదాబాద్‌లోని భారతీయ జీవ సమాచార కేంద్రంలోగానీ జమచేస్తూ సోయా రకం, జిల్లా, సేకరించిన తేదీ నమోదు చేయాలి. కల్చర్‌ను చండీగఢ్‌లోని ఎంటీసీసీ వంటి సూక్ష్మజీవుల సేకరణ కేంద్రానికి పంపాలి.