ఆకు మీద, కుండ మీద బొమ్మ వేసే ముందు

కాగితం పక్కన పెట్టి కొత్త వాటి మీద చెయ్యి ఆడించాలనుకునే ఆర్టిస్టులు ముందుగా చూసుకోవాల్సినవి ఇవి.

• ఏదైనా సరే, ముందు ఒక మూల ఇంకు చుక్క పెట్టి చూడండి. ముఖ్యంగా గుడ్డ. ఉతికి గంజి వదిలించినంత మాత్రాన పని అయిపోదు, ఇంకు పాకుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండేసేది ఇందుకే. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. వాళ్లు నల్ల ఇంకుగా వాడే బెల్లం, తుప్పుపట్టిన ఇనుము ఊరబెట్టిన నీళ్లు గుడ్డ మీద నల్లగా తిరిగేది మాత్రం కరక్కాయ వల్ల. ఇంట్లో చేస్తే పాల వాసన కొన్నాళ్లు పోదు, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి!

• పచ్చి రావి ఆకు మీద వేయకండి, ఎండేకొద్దీ ముడుచుకుపోతుంది. పచ్చదనం కుళ్లేదాకా కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి, మెత్తని బ్రష్‌తో కడిగి, ఈనెల జల్లెడ మిగిలాక పేపర్ల మధ్య ఆరనివ్వాలి. రంగు చిక్కగా ఉండాలి, పలచనైతే సందుల్లోంచి కిందికి దిగుతుంది.

• నీళ్లు తాగే కుండకు పెయింట్ వద్దు. సన్న రంధ్రాలు మూసుకుపోతే నీళ్లు చల్లబడవు. అలంకారానికైతే మీ ఇష్టం.

• గాజును స్పిరిట్‌తో తుడిచాక వేళ్లు తగలనివ్వకండి.

• పెంకులు, రాళ్లు గరుకు కాగితంతో రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి. స్ప్రే వార్నిష్ డాబా మీదే.

• వార్నిష్‌కు ముందే ఫొటో తీసుకోండి, తర్వాత మెరుపుతో తంటా.