జోకర్, హార్లీ క్విన్‌ల బంధాన్ని పాత్రచిత్రణ దృష్టితో చదవడం ఎలా?

డీసీ కామిక్స్‌లో బ్యాట్‌మన్‌కు బద్ధశత్రువైన జోకర్‌ను ప్రేమించి, అతని చేతిలోనే హింసకు గురైన హార్లీ క్విన్ కథను చదివేటప్పుడు, అతడు ఆమెను నిజంగా ప్రేమించాడా అన్న ప్రశ్నను ముందుగా పక్కన పెట్టండి. ఆ ప్రశ్న ఆమె పెట్టుకున్న ఆశలోకే పాఠకుణ్ణి కూడా లాగుతుంది. ఈ బంధం ఎవరిని మార్చింది, ఎవరిని మార్చలేదు అన్నదే గమనించవలసిన విషయం.

పాల్ డీనీ, బ్రూస్ టిమ్ 1994లో అందించిన 'మ్యాడ్ లవ్'తో మొదలుపెట్టండి. 1992లో టీవీ కార్టూన్‌లో జోకర్ అనుచరురాలిగా తొలిసారి కనిపించిన హార్లీకి గతాన్ని ఇచ్చిన కామిక్ ఇదే. ఆర్ఖమ్ మానసిక చికిత్సాలయపు సన్నివేశాలను నిదానంగా చదవండి. తండ్రి తనను కొట్టేవాడని చెప్పి, ఆ తరువాత హార్లీ క్విన్‌గా మారే డాక్టర్ హార్లీన్ క్విన్‌జెల్‌లోని వైద్యురాలి జాలినే, అక్కడ రోగిగా ఉన్న జోకర్ ఆమెకు ఉచ్చుగా మారుస్తాడు. అలాంటి కథలను అతడు ఇతరులకు వేరే విధంగా చెప్పాడని బ్యాట్‌మన్ ఆ తరువాత ఆమెకు తెలియజేస్తాడు.

అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగవలసింది పిరాన్హా చేపల సన్నివేశం దగ్గర. ఆ చేపల మూతులు నవ్వుతున్నట్టు ఉండవన్న కారణంతో జోకర్ వదిలేసిన, బ్యాట్‌మన్‌ను వాటికి ఆహారంగా వేసే పథకాన్ని, బ్యాట్‌మన్‌ను తలకిందులుగా వేలాడదీస్తే అతనికి అవి నవ్వుతున్నట్టే కనబడతాయని గ్రహించి, హార్లీ ఒంటరిగా దాదాపు నెరవేరుస్తుంది. ఇంత తెలివి చూపినందుకు ఆమెకు దక్కింది దెబ్బలు, ఆపైన కిటికీలోంచి కిందికి ఒక తోపు. జోకర్‌కు కావలసింది చప్పట్లు కొట్టే మనిషే తప్ప, తనకు సాటి రాగల మనిషి కాదని ఇక్కడే రుజువవుతుంది; నా దృష్టిలో అతని పాత్రకు ఇంతకన్నా స్పష్టమైన పరిచయం లేదు. ఆ తరువాత ఆసుపత్రి మంచంపై, ఇక అతనితో తెగతెంపులేనని నిశ్చయించుకున్న హార్లీ, అతడు పంపిన ఒక్క గులాబీని చూసి మళ్లీ కరిగిపోతుంది. దీన్ని ఆమె తెలివితక్కువతనంగా చదవకండి. హింస వెనువెంటనే వచ్చే కాస్త ఆదరణ మనిషిని ఎలా కట్టిపడేస్తుందో రచయిత ఎంతో నిజాయితీగా చూపించాడు.

ఇది పూర్తయ్యాక అమాండా కానర్, జిమ్మీ పాల్మియోటీ 2013లో ప్రారంభించిన హార్లీ సిరీస్‌ను చదవండి. జోకర్ పక్కన లేనప్పుడు ఆమె హాస్యం, సాహసం, మరో నేరస్థురాలు పాయిజన్ ఐవీతో ఆమెకున్న చెలిమి ఏ రూపం తీసుకున్నాయో, వాటిలో ఏవి మొదటినుంచీ ఆమె సొంతమో, ఏవి అతని మెప్పు కోసం నేర్చుకున్నవో రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని గుర్తించండి.