సత్తు అతుకు – 3వ పాఠం: రాడ్డు ఎందుకు జారిపోయింది

పోయినసారి పాఠం చూసి చేసిన వాళ్లలో చాలామందికి ఒకటే అయింది. సత్తు, అంటే అల్యూమినియం ముక్కల్ని అతికించే జింక్ రాడ్డు కరిగింది, ముక్కకి అంటకుండా ఉండకట్టి కింద పడింది. కావలి నుంచి ఒకాయన ఆ ఉండల్ని పొట్లం కట్టి తెచ్చి నా బల్ల మీద పోశాడు. "రాడ్డు నకిలీదేమో అన్నా!" అదే రాడ్డుతో ఆయన ముందే అతికించి చూపించా. అందుకే ఈసారి ఈ తప్పు సంగతే చూద్దాం, గొట్టాల అతుకు వచ్చే వారానికి.

గ్యాస్ టార్చ్ వెలిగించడం, ముక్కలు వైస్‌లో బిగించడం మీకు వచ్చు, వదిలేస్తున్నా.

అల్యూమినియం మీద కంటికి కనపడని పొర ఉంటుంది. లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది, ఆ పొరకి 2000 దాటాలి. గీకేసినా గాలి తగలగానే మళ్లీ కడుతుంది. రాత్రి బ్రష్ కొట్టి పొద్దున అతికిస్తే అంటదు. రాడ్డు కరిగి మడుగు కట్టాక, ఆ మడుగు అడుగునే స్టెయిన్‌లెస్ పుల్లతో గీకాలి. అక్కడ గాలి ఆడదు. బొట్టు ఉన్నట్టుండి పెనం మీద నెయ్యిలా పరుచుకుంటుంది. నేనైతే పాత స్టెయిన్‌లెస్ సైకిల్ పుల్ల వాడతా. ఇనుము గీకిన బ్రష్ మాత్రం తేవద్దు.

ఇక నాకు ఒళ్లు మండే తప్పు. మంట రాడ్డు మీద పెడతారు! మన జింక్ రాడ్డు 400 లోపే కరుగుతుంది. ముక్క చల్లగా ఉంటే ఉండకట్టక ఏం చేస్తుంది? రాడ్డుని కరిగించాల్సింది ముక్క, మంట కాదు. పోనీ ముక్క ఎర్రబడేదాకా కాలుద్దామంటే, ఇది ఇనుము కాదు. రంగు మారకుండానే కూలిపోతుంది. ముక్క మీద బట్టల సబ్బుతో ఒక గీత గీయండి. వెనక నుంచి కాల్చండి. గీత నల్లబడ్డాక మంట పక్కకి తీసి రాడ్డు ఆనించండి. కరగలేదా, రాడ్డు తీసి మళ్లీ ముక్కనే కాల్చండి. ఫ్యాన్ ఆపండి. నెల్లూరు ఎండల్లో ఆపమంటే తిడతారని తెలుసు, తలుపులు మాత్రం తీసే ఉంచండి, పొగ పీల్చకూడదు.

రంగు కిటికీ ఫ్రేము ముక్కయితే ముందు ఆకురాయితో పైపూత తీసేయాలి. నిచ్చెన మెట్లు ఈ రాడ్డుతో వద్దు. ఇంట్లో సత్తు తపేలాకి మాటు వేయమంటారు, అదీ వద్దు. చేపల పులుసులోని చింతపండుకి జింక్ కరిగి కూరలోకి దిగుతుంది.

అభ్యాసం: పది అతుకులు వేసి, చల్లారాక పదీ సుత్తితో విరగ్గొట్టండి. ఊడిన చోట ఒక ముక్క నున్నగా మెరుస్తుంటే ఆ వైపు గీకలేదన్నమాట. అతుకు ఊడక ముక్కే వంగితే పాసు. పదిలో ఎనిమిది పాసయ్యాకే గొట్టాల జోలికి రండి.