మనసు కుదుటపడే సాధన – 3వ పాఠం: ఊపిరితో చదివే కందం

మొదటి పాఠంలో ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకున్నాం. రెండో పాఠంలో చెట్టు కిందో చెరువు గట్టునో కూర్చుని, చెవిన పడే చప్పుళ్లకు పేర్లు పెట్టకుండా వింటూ ఉండటం నేర్చుకున్నాం. ఆ రెండూ కనీసం పది రోజులు చేసిన తర్వాతే ఇది మొదలుపెట్టండి. తొందరేమీ లేదు. ఈ పాఠంలో ఉన్నది ఒక్కటే పద్యం. ఐదు వందల ఏళ్లకు పైగా తెలుగువాళ్ల నోళ్లలో నానుతున్న పద్యం. మీరు ఇంకో వారం ఆగి వచ్చినా అది అక్కడే ఉంటుంది.

లోకంబులు లోకేశులు
లోకస్థులు తెగిన తుది నలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్

బమ్మెర పోతన భాగవతంలో, ఎనిమిదో స్కంధంలో, గజేంద్ర మోక్షంలోది ఇది. మనలో చాలామంది బడిలో చదివే ఉంటారు. కథ కూడా తెలిసిందే. మడుగులో దిగిన ఏనుగు కాలిని మొసలి పట్టుకుంది. వెయ్యేళ్లు పెనుగులాడింది. బలం తగ్గిపోయింది. అప్పుడు ఆ ఏనుగు చేసే ప్రార్థన మొదటి మాటల్లో తన కాలి సంగతి ఉండదు. ఈ జగత్తు ఎవరి వల్ల పుట్టింది, ఎవరిలో ఉంది, అంతా పోయాక మిగిలేది ఎవరు అని తలపోస్తుంది. ‘లావొక్కింతయు లేదు’ అని తన నీరసం చెప్పుకునేది ఆ తర్వాత. నాకు ఈ వరస చాలా ముఖ్యంగా తోస్తుంది. బాధలో ఉన్నవాడి చూపు బాధ మీదే ఉంటుంది కదా. పోతన ఆ చూపును ముందు దూరానికి తీసుకెళ్లి, తర్వాత వెనక్కి తెచ్చాడు. మనం ఈ వారం చేయబోయేది కూడా అదే.

అర్థం చూద్దాం. లోకాలు, వాటిని ఏలేవాళ్లు, వాటిలో ఉండేవాళ్లు, అందరూ తెగిపోయిన చివరన ఒక పెంజీకటి ఉంటుంది. పెను చీకటి, అంటే కటిక చీకటి. అది ‘అలోకం’. లోకం అనే మాటకు మూలం చూడటం అనే అర్థమున్న సంస్కృత ధాతువు. కనబడేది లోకం. ఏదీ కనబడనిది అలోకం. ఆ చీకటికి అవతల ఏ ఒక్కడు ఒకే రూపంగా వెలుగుతున్నాడో అతణ్ణి నేను సేవిస్తాను. అంతే. ఆ ఒక్కడి పేరేమిటో ఏనుగు చెప్పలేదు. మీ ఇంట్లో కొలిచే దేవుడు ఎవరైనా, అసలు ఎవరినీ కొలవకపోయినా, ఈ పద్యం చదవడానికి అడ్డు లేదు.

ఇక ఇది ఊపిరికి ఎలా పనికొస్తుందో చెప్తాను. ఇది కందపద్యం. బడిలో గురులఘువులు గుర్తించిన రోజులు గుర్తు తెచ్చుకోండి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. మాత్ర అంటే చిటిక వేసేంత కాలం. లో, కం, బు, లు, లో, కే, శు, లు: రెండు, రెండు, ఒకటి, ఒకటి, రెండు, రెండు, ఒకటి, ఒకటి. మొత్తం 12. రెండో పాదం లెక్కపెడితే 20 వస్తుంది. మూడోది మళ్లీ 12, నాలుగోది 20. ఏ కందం తీసుకున్నా ఇంతే, మొత్తం 64 మాత్రలు. వేలితో లెక్కపెట్టి చూడండి, నా మాట నమ్మి వదిలేయకండి. లెక్కపెట్టిన పద్యం త్వరగా మరిచిపోం.

పొట్టి పాదం, పొడుగు పాదం. పొట్టి పాదంలో ఊపిరి తీసుకుంటాం, పొడుగు పాదంలో వదులుతాం. ఈ పాఠంలో కొత్తగా నేర్చుకునేది ఇదొక్కటే. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. మణికట్టు మీద నాడి పట్టుకుని చూస్తే కొంతమందికి వేళ్లకే తెలుస్తుంది. వదలడం తీసుకోవడం కంటే పొడవుగా ఉంటే, ఒంట్లో నెమ్మదించే భాగానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. టెన్షన్‌లో ఉన్నప్పుడు మన ఊపిరి దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. గబగబా పైకి లాగుతాం, పూర్తిగా వదలం. కందం ఊపిరి కోసమే పుట్టిందని నేను అనను, అలా అనడానికి ఆధారం లేదు. కానీ దాని కొలత ఈ పనికి చక్కగా సరిపోతుంది.

2001లో ఇటలీ పరిశోధకులు 23 మంది ఆరోగ్యవంతుల చేత క్రైస్తవులు జపమాల మీద చదివే లాటిన్ ప్రార్థననూ, బౌద్ధుల ‘ఓం మణి పద్మే హూం’ మంత్రాన్నీ చదివించి చూశారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి దాదాపు 6 సార్లకు దిగింది. మతాలు వేరు, భాషలు వేరు, ఊపిరి వేగం మాత్రం ఇంచుమించు ఒకటే. మన పద్యాన్ని సెకనుకు మూడు మాత్రల చొప్పున నింపాదిగా చదివితే తీసుకోవడానికి నాలుగు సెకన్లు, వదలడానికి ఆరున్నర సెకన్ల పైచిలుకు పడుతుంది. అంటే మనం కూడా నిమిషానికి 6 ఊపిరుల దగ్గరికే వస్తాం. గడియారం పెట్టుకోవద్దు, ఈ లెక్క మీకు నమ్మకం కుదరడానికే చెప్పాను.

మొదటి మూడు రోజులు ఊపిరి సంగతి వదిలేసి పద్యాన్ని పైకి చదవండి. రాగం అక్కర్లేదు. గురువు దగ్గర నిలవండి, లఘువు దగ్గర నిలవకండి. ‘లోకంబులు’లో లో, కం రెండూ సాగాలి. ‘లోకస్థులు’లో స్థ ముందున్న క కూడా గురువే, దాన్ని మింగేయకండి. చిన్నప్పుడు నేను ఈ పద్యాన్ని పోటీ కోసం బట్టీ పట్టాను. ఎంత వేగంగా చెప్తే అంత గొప్ప. చాలా ఏళ్ల తర్వాత అమ్మ ఆపరేషన్ థియేటర్‌లో ఉండగా, బయట బెంచీ మీద కూర్చున్న నాకు ఈ పద్యమే గుర్తొచ్చింది. పోటీలో చదివిన వేగంతోనే పది సార్లు చదివాను. గుండె దడ ఏమీ తగ్గలేదు. పద్యం పనిచేయలేదని ఆ రోజు అనుకున్నాను. దాన్ని దాని కొలతలో నేను ఎన్నడూ చదవలేదని తర్వాత అర్థమైంది. మాత్రలు లెక్కపెట్టమని ఇంతగా పట్టుబట్టడానికి కారణం అదే.

నాలుగో రోజు నుంచి ఊపిరి కలపండి. వీపు నిటారుగా ఉంచి కూర్చోండి. కింద కూర్చోలేనివాళ్లు కుర్చీలో కూర్చుంటే తప్పేం లేదు. ‘లోకంబులు లోకేశులు’ అని మనసులో అనుకుంటూ ముక్కుతో ఊపిరి తీసుకోండి. ‘లోకస్థులు తెగిన తుది నలోకంబగు పెం’ అని పక్కనున్నవాళ్లకు మాత్రమే వినపడేంత మెల్లగా పైకి అంటూ వదలండి. మళ్లీ ‘జీకటి కవ్వల నెవ్వం’ మనసులో, ఊపిరి లోపలికి. ‘డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్’ పైకి, ఊపిరి బయటికి. ఎక్కడా బిగబట్టకండి. పద్యానికి రెండు ఊపిరులు.

ఇక్కడ ఒక ఇబ్బంది వస్తుంది. నాకు ఈ పద్యంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు కూడా అదే. ‘పెంజీకటి’ అన్న మాట రెండు పాదాల మధ్య చీలిపోయింది. ‘పెం’ దగ్గర ఊపిరి అయిపోతుంది. ‘జీకటి’ వచ్చే ఊపిరిలో ఉంటుంది. క్లాసులో పిల్లలు అక్కడ ఆగి, ‘జీకటి’ అంటే ఏమిటో తెలియకుండానే మొదలుపెట్టేస్తారు. మీరు అలా తెంపకండి. ‘పెం’ అన్నాక ఊపిరి అంతా బయటికి వెళ్లి, లోపల ఖాళీగా ఉన్న ఆ చిన్న క్షణంలో మాట ఇంకా పూర్తి కాలేదని మనసుకు తెలుస్తూనే ఉండాలి. చీకటి ఒక ఊపిరిలో మొదలై ఇంకో ఊపిరిలోకి సాగుతుంది. ఆ తర్వాత ‘ఎవ్వండు’ కూడా ఇలాగే చీలింది. ఊపిరి నిండుగా ఉన్నప్పుడు ‘ఎవ్వం’ దగ్గర ఉంటాం, ‘ఎవడు?’ అన్న ప్రశ్న సగంలో ఉంటుంది. వదలడం మొదలుపెట్టగానే ‘ఏకాకృతి వెలుగు’ వస్తుంది. ఖాళీ దగ్గర చీకటి, నిండు దగ్గర ప్రశ్న. ఏళ్ల తరబడి చదివినా ఈ రెండు చోట్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. అక్కడ మనసు పక్కకు పోదు, ఎందుకంటే మాట ఇంకా పూర్తి కాలేదు.

27 సార్లు చదవండి. పది నిమిషాలకు కాస్త తక్కువ పడుతుంది. తర్వాత పద్యం ఆపి, ఊపిరిని దాని ఇష్టానికి వదిలేసి, మరో ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చాలామంది ఈ ఐదు నిమిషాలు వదిలేసి లేచి వెళ్లిపోతారు. దయచేసి అలా చేయకండి. పద్యం ఆగాక వచ్చే నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దంలా ఉండదు, దాన్ని కాసేపు ఉండనివ్వండి.

తల తిరిగినట్టు అనిపిస్తే ఆపి మామూలుగా ఊపిరి పీల్చుకోండి. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లు మీకు హాయిగా ఉన్నంత వేగంగా చదవండి, 6 ఊపిరుల లెక్క మీకు వద్దు. రోజుల తరబడి నిద్ర పట్టనంత దిగులు ఉంటే డాక్టర్‌ని కలవండి. సాధనను దానికి తోడుగా ఉంచుకోండి, మందుకు బదులుగా కాదు.

ప్రకృతితో చేసే భాగం ఈసారి చీకట్లో. వారంలో కనీసం రెండు రోజులు తెల్లవారుజామున, తూర్పు ఇంకా తెల్లబడక ముందే లేవండి. పల్లెలో ఉన్నవాళ్లకు కళ్లం చాలు, ఇంటి ముందు అరుగు చాలు. మా హనుమకొండలో భద్రకాళి చెరువు గట్టు నాకు ఇష్టమైన చోటు, కానీ అక్కడ దీపాలుంటాయి. అందుకని ఈ అభ్యాసానికి డాబా ఎక్కుతాను. ఫోన్ కిందే వదిలేయండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి స్క్రీన్ చూస్తే ఆ అలవాటు చాలావరకు పోయి మళ్లీ మొదటికి వస్తారు.

ఉత్తరం వైపు సప్తర్షి మండలం వెతకండి. మన దగ్గర చలికాలంలో తెల్లవారుజామున బాగా కనబడుతుంది, వేసవిలో అయితే చీకటి పడ్డాక చూడవచ్చు. లండన్‌లో ఉన్న తెలుగువాళ్లకు అది ఏడాది పొడవునా అస్తమించదు. తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు. దాన్ని ఆనుకుని సన్నగా మెరిసేది అరుంధతి. పెళ్లిలో పురోహితుడు పట్టపగలు ఆకాశంలోకి చూపించి, ‘కనబడిందా’ అని అడిగితే కొత్త దంపతులు తలూపుతారు కదా, ఆ నక్షత్రమే. ఇప్పుడు తీరిగ్గా చూడండి. సూటిగా గుచ్చి చూస్తే అరుంధతి మసకబారవచ్చు. చూపును కొంచెం పక్కకు జరిపి, వశిష్ఠుడికి అటువైపు ఖాళీలో నిలపండి. అప్పుడు అరుంధతి స్పష్టంగా తేలుతుంది. కంటి లోపలి తెర నట్టనడుమ మసక వెలుగును పట్టే కణాలు ఉండవు. అవి చుట్టూ ఉంటాయి. అందుకే సన్నని వెలుగు ఓరచూపుకే అందుతుంది.

పెద్దలు దీన్నుంచే అరుంధతీ దర్శన న్యాయం అన్నారు. ముందు తేలిగ్గా కనబడేది చూపించి, దాని పక్కనుంచి సూక్ష్మమైనదానికి తీసుకెళ్లడం. మన పద్యం కూడా అదే దారిలో నడుస్తుంది. లోకాలు, ఏలేవాళ్లు, ఉండేవాళ్లు, చీకటి, దాని అవతల. డాబా మీద కళ్లు తెరిచే పద్యాన్ని తొమ్మిది సార్లు చదవండి. ‘లోకంబులు’ అన్నప్పుడు ఇళ్లూ చెట్లూ, ‘పెంజీకటి’ అన్నప్పుడు చుక్కల మధ్య నల్లటి ఖాళీ చూడండి. ‘అవ్వల’ అన్నప్పుడు దేన్నీ ఊహించుకోకండి. వెలుగు కనబడాలని ప్రయత్నించడం అరుంధతిని గుచ్చి చూడటం లాంటిదే.

కొన్నాళ్లకు పద్యం యాంత్రికంగా వస్తోందని అనిపిస్తుంది. నోరు చదువుతుంది, మనసు కరెంటు బిల్లు గురించి ఆలోచిస్తుంది. అప్పుడు ఒక పూట చదవడం ఆపి, పద్యాన్ని కాగితం మీద చేత్తో రాయండి. ఒక్కో అక్షరం కింద గురువో లఘువో గుర్తు పెట్టండి. మర్నాడు చదివితే తేడా తెలుస్తుంది. మరొకటి, ‘నాకు నమ్మకమే లేదు, సేవింతున్ అని ఎలా అనను’ అని ఆగిపోయేవాళ్లు ఉంటారు. మీ సందేహం నిజాయితీ ఉన్న సందేహం, దాన్ని అణచకండి. గజేంద్రుడికీ అదే వచ్చింది. ఈ పద్యం తర్వాత కొద్దిసేపటికే, మొసలి పట్టు సడలకుండానే, ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అంటాడు. అదీ కందమే. నాలుగో పాఠంలో దాన్ని చదువుతాం. అప్పటిదాకా రోజుకు 27 సార్లు, వారానికి రెండు తెల్లవారుజాములు.